కలాపూర్ణోదయము: రూఢకథాంగములు, కవి యెఱుక

పింగళి సూరన తన కలాపూర్ణోదయమున కవతారిక వ్రాయుచు, ఆ కావ్యమునకుఁ గల విశేషములలో అపూర్వకథాసంవిధానవైచిత్రిని ప్రధానముగాఁ బేర్కొనెను. ఈ సమాసమును విప్పుటకు రెండు మార్గములు గలవు. అపూర్వశబ్దమును గథతోఁ గూర్చి, పూర్వము లేని కథయొక్క సంవిధానము అని విగ్రహము చెప్పవచ్చును. లేదా కథాసంవిధానమును ముందు సమసింపఁజేసి, పిదప దానికి అపూర్వశబ్దమును విశేషణముగాఁ జేర్చి, పూర్వము లేని కథాసంవిధానము అని చెప్పవచ్చును. రెండు విగ్రహములును వ్యాకరణసమ్మతములే. సామర్థ్యము రెండింటను గలదు. కాఁబట్టి యర్థనిర్ణయమునకు శబ్దశాస్త్ర మొక్కటియే చాలదు. ప్రకరణమును, లింగమును ఆశ్రయింపవలసియున్నది.

ఈ భేదము స్వల్పము కాదు. మొదటి విగ్రహమును గ్రహించినచోఁ గవి, తొల్లి యెవ్వరును వినని కథావస్తువును దెచ్చితినని ప్రతిజ్ఞ చేసినవాఁడగును. రెండవదానిని గ్రహించినచోఁ గథాంగములు ప్రాఁతవియే యని యెఱిఁగి, వాని కూర్పునందు మాత్రమే క్రొత్తదనమును బ్రతిజ్ఞ చేసినవాఁడగును. మొదటి ప్రతిజ్ఞ నిలుచునా యని పరీక్షించుట సులభము. అది నిలువదు.

పూర్వపక్ష మిట్లుండును. కలాపూర్ణోదయమున నద్భుతము లన్నియుఁ బూర్వకథలలోఁ బెక్కుమాఱులు వచ్చినవియే. దేవదంపతుల రహస్యగోష్ఠి యొరుల చెవిఁ బడుట, చిలుక విని చెప్పుట, ఒకరి రూపము వేఱొకరు దాల్చుట, ఆకాశగమనముగల వాహనముపైఁ గన్యను గొనిపోవుట, దేవీసన్నిధిని నరబలి, స్త్రీపురుషవ్యత్యయము, పునర్జన్మము, మహిమగల రత్నము తాఁకఁగానే జాతిస్మరణము గలుగుట, తగవులమారియగు నారదుఁడు, తపోభంగమున కింద్రుఁడు పంపిన రంభ — వీనిలో నేదియు సూరన సొత్తు కాదు. పురాణములలోను, బృహత్కథాసంతతిలోను, బాణుని గద్యకావ్యమునందును వీని కన్నిటికిఁ బుట్టినిండ్లు గలవు. ఇట్టి యంగములఁ గూర్చినవాఁడు కథకు యజమానుఁ డెట్లగును? అపూర్వుఁ డెట్లగును?

ఈ పూర్వపక్షమునకు ఆలంకారికులు పూర్వమే త్రోవ చూపియున్నారు. ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకము నాలుగవ యుద్ద్యోతమున, ఒక కవి వస్తువు వేఱొక కవి వస్తువును బోలుటకు సంవాదమని పేరిడి, దానిని మూఁడు విధములుగా విభజించెను. ప్రతిబింబమువలెఁ బోలుట యొకటి; చిత్తరువువలెఁ బోలుట యొకటి; ఒకే పోలికగల యిద్దఱు దేహులవలెఁ బోలుట మఱియొకటి. ప్రతిబింబమునకుఁ దనదైన యాత్మ లేదు గావున మొదటిది విడువఁదగినది. చిత్తరువున నున్నది తుచ్ఛమైన యాత్మయే కావున రెండవదియు విడువఁదగినదే. మూఁడవదానికిఁ దన ప్రాణము తనకుఁ గలదు గావున, పోలికయున్నను దానిని విడువనక్కఱలేదు. కాఁబట్టి సూరనకుఁ బ్రాఁత కథాంగములు గలవా యని యడుగుట వ్యర్థము. అవి ప్రతిబింబములా, దేహులా యని యడుగవలెను. అంతకంటె ముఖ్యమైన ప్రశ్న మఱియొకటి గలదు: అవి ప్రాఁతవని కవి యెఱుఁగునా?

మొదట, చాటునుండి విన్న దేవరహస్యకథను బరిశీలింపవలెను. 11వ శతాబ్దమునఁ గాశ్మీరరాజగు ననంతుని పట్టమహిషి సూర్యమతి వినోదార్థము సోమదేవుఁడు రచించిన కథాసరిత్సాగరము గుణాఢ్యుని బృహత్కథకు సంస్కృతరూపము. దాని కథాపీఠమున శివుఁడు పార్వతికి మున్నెవ్వరును వినని కథను జెప్పును. పుష్పదంతుఁడను గణము యోగబలమున లోపలఁ జొచ్చి విని తన భార్యయగు జయకుఁ జెప్పును. ఆమె దానిని దేవి యెదుటనే చెప్పును. పార్వతి కోపించి పుష్పదంతుని, అతనికై వేఁడికొన్న మాల్యవంతుని మనుష్యజన్మమెత్తుఁడని శపించును. పుష్పదంతుఁడు వరరుచియై, మాల్యవంతుఁడు గుణాఢ్యుఁడై పుట్టి, కథ నొకరినుండి యొకరికి సాఁగించి శాపవిముక్తు లగుదురు. ఇందు భూమికి దిగివచ్చినవి రెండు: కథయు, కథను జెప్పువాఁడును. కథలోని పాత్రలకు ఆ శాపముతో సంబంధము లేదు.

సూరన యీ యంగమునే గ్రహించెను. సత్యలోకమున బ్రహ్మ సరస్వతికి నేకాంతమునఁ గథ చెప్పును. చిలుక వినును. ఇంతవఱకు బృహత్కథాచ్ఛాయ స్పష్టము. కాని పిమ్మట దిగివచ్చువారు వేఱు. కథలోని పాత్రలకు భూమిపై జన్మము గలుగును. బ్రహ్మ యమోఘవాక్కు గావున అతఁడు వినోదమునకుఁ జెప్పిన మాటయుఁ గార్యరూపము దాల్పక మానదు. బృహత్కథలో శాపము కథకు వెలుపలినుండి వచ్చి దానిని మోసికొనిపోయినది. ఇచటఁ బలుకుటయే సృష్టి. వాగ్దేవి శ్రోతయై, సృష్టికర్త వక్తయై యుండుటచే, కథ పుట్టుటకును లోకము పుట్టుటకును నడుమ నున్న గోడ తొలఁగినది. ప్రాఁత యంగమును గ్రహించి, అది యేల పుట్టినదను ప్రశ్నకుఁ గవి సమాధానము చెప్పినాఁడు.

రెండవ యంగము, తన కథను దానే వినుచున్న నాయకుఁడు. 7వ శతాబ్దమున భట్టబాణుఁడు ప్రారంభింపఁగా నాతని కుమారుఁడు ముగించిన కాదంబరిలో, శూద్రకమహారాజు కొలువునకుఁ జండాలకన్య యొక చిలుకను దెచ్చును. చిలుక జాబాలి చెప్పిన వృత్తాంతమును వినిపించును. తుదకు ఆ శూద్రకుఁడే చంద్రాపీడుఁడనియు, చంద్రాపీడుఁడు శాపమునఁ బుట్టిన చంద్రుఁడనియుఁ దేలును. వినువాఁడే కథానాయకుఁ డైనాఁడు. కలాపూర్ణుఁడును గొలువునఁ గూర్చుండి తన పూర్వజన్మకథను దానే వినును. ఇచటఁ జిలుకకు బదులు శిశువు మాటలాడును. మదాశయరూపానుభూతుల కూఁతురగు మధురలాలస యింకను పసికందు. రత్నము మెడను జేరఁగానే యామెకుఁ బూర్వజన్మస్మృతి కలుగును. ద్వారకలోని కలభాషిణి కథను, అంతకుముందరి బ్రహ్మసరస్వతుల కథనుగూడ నామెయే యెఱిఁగించును.

ఈ మార్పు కేవలము చమత్కారార్థమైనది కాదు. కాదంబరిలోఁ జిలుకకు మాట నేర్పువారు గలరు; చిలుక పలుకుట లోకమున నున్నదే. శిశువు మాటలాడుట లోకవిరుద్ధము. సూరన యంతకంటె విరుద్ధమైన దానిని దెచ్చి, దానికిఁ గారణము నిచ్చెను. శిశువు చెప్పునది యితరుల వలన విన్న కథ కాదు, తాననుభవించిన బ్రదుకు. వక్త కథలోనిది, శ్రోత కథలోనివాఁడు, కథ వారిద్దఱి పూర్వజన్మమునకు సంబంధించినది. కావ్యారంభమున రంభానలకూబరుల సంభాషణలోఁ గలాపూర్ణుని కథ యను మాట పొడచూపినప్పుడు రంభ దానిని జెప్పరాదని దాఁటవేయును. క్రింద నుండి వినిన కలభాషిణికిఁ గుతూహలము పుట్టును. అది తన కథయే యని యప్పు డామె యెఱుఁగదు. చదువరియు నెఱుఁగఁడు. ఇట్లు చెప్పఁగూడని కథ యను జానపదాంగము, తన కథను దా నెఱుఁగకుండుట యను మనుష్యధర్మముగా మాఱినది.

మూఁడవది మాయారూపము. ఇంద్రుఁడు గౌతమరూపమున నహల్యను వంచించెను. దమయంతీస్వయంవరమున దేవతలు నలరూపమున నిలిచిరి. ఈ కథలలో మాయవేసినవా రొకరు, మాయలోఁ బడినవారు వేఱొకరు. సూరన రెండు వైపులను మాయనే నిలిపెను. మణికంధరుఁడు రంభకొఱకు నలకూబరరూపమును దాల్చును. కలభాషిణి నలకూబరునికొఱకు రంభారూపమును దాల్చును. ఇరువురును గలసికొని, ఎదుటివారు నిజమైనవారే యని నమ్ముదురు. నిజరంభ యెదురుపడినప్పుడు ఇద్దఱు రంభలకుఁ గలహము పుట్టును. హాస్య మిచట నెంత సహజమో చెప్పఁబనిలేదు. కాని హాస్యముతో నిది ముగియదు. ఆ మణికంధరుఁడే కలాపూర్ణుఁడుగాను, ఆ కలభాషిణియే మధురలాలసగాను బుట్టి దంపతు లగుదురు. కాఁబట్టి పరరూపములతో మోసపోయి కలసినవారే బ్రహ్మవాక్కునందుఁ బరస్పరము నియతులైనవారు. రూపములు రెండును నసత్యములు, కూడిక సత్యము. మాయారూపము ధరించినవానికి దండన విధించుట పూర్వకథల పద్ధతి. ఆ మాయయందే సత్యమునకు బీజము నుంచుట సూరన పద్ధతి.

నాలుగవది నామములు. శబ్దశాస్త్రము చదివినవారు ఇచటఁ జిరకాలము నిలువవలయును. ఏ శబ్దమైనను యోగముచేతఁ గాని, రూఢిచేతఁ గాని యర్థమును దెల్పును. అవయవముల యర్థము తెలిసి యుండఁగాఁ బ్రయుక్తమగునది యౌగికము. అవయవార్థము మఱవఁబడి, సముదాయమే ప్రసిద్ధార్థమును దెల్పునది రూఢము. కథాంగములకును నీ న్యాయమే చెల్లును. చిలుక మాటలాడును, శాపము తగులును, రాజు దిగ్విజయము చేయును — ఇవి యేల జరుగునో యడుగకుండనే శ్రోత యంగీకరించును. అవి రూఢములైన యంగములు. వాని యోగమును మరల వెలికిఁ దీయుటయే కలాపూర్ణోదయమునఁ గవి చేసిన పని. ఆ పనికి సాధనములుగా నామములనే గ్రహించెను.

భూలోకకథలో మణిస్తంభుఁడు ఒక సిద్ధుని పేరు, సుముఖాసత్తి యాతని భార్య పేరు; అవి రూఢములు. బ్రహ్మసరస్వతుల వినోదమునందు మణిస్తంభము రత్నాల కంబము. సుముఖాసత్తి సుందరమైన ముఖముయొక్క సామీప్యము. కలాపూర్ణుఁడు కళలతో నిండినవాఁడు, అనఁగాఁ బూర్ణచంద్రునివంటి ముఖబింబము. అందమైన మోము రత్నస్తంభము చెంతకు రాఁగాఁ బూర్ణచంద్రుఁ డందుఁ బుట్టును. అతని పట్టణమగు క్రముకకంఠోత్తరము, పోకమ్రానువంటి కంఠమునకు మీఁది చోటు. ఆ పేళ్ల మర్మము ఆ దంపతుల నడుమనే విప్పఁబడును గావున ఇది వ్యాఖ్యాతల యూహ యని త్రోసిపుచ్చుటకు వీలులేదు. కవియే తన కథకు నిర్వచనము చెప్పినాఁడు.

ఈ నిర్వచనమువలన స్త్రీపురుషవ్యత్యయమను నంగము సైతము విశదమగును. ఇలుఁడు స్త్రీ యగుట, శిఖండి పురుషుఁ డగుట పూర్వకథలలోఁ గలవు. కలాపూర్ణోదయమున మణిస్తంభుఁడు స్త్రీయై, సుముఖాసత్తి పురుషుఁడై, వారికిఁ గలాపూర్ణుఁడు పుట్టును. దీనికి శాపాదులు కథలోఁ గారణములుగాఁ జెప్పఁబడినను, అసలు కారణము నామములందే యున్నది. బింబ మేర్పడుటకు ఆశ్రయము కంబము. కావునఁ గడుపున ధరించినది యదియే. ముఖసామీప్యము నిమిత్తము, కావున జనకుఁ డదియే. కాని శబ్దములను జూచినచో స్తంభశబ్దము పుంలింగము, ఆసత్తిశబ్దము స్త్రీలింగము. అర్థమునకుఁ దల్లియైనది శబ్దమునకుఁ బురుషుఁడు. అర్థమునకుఁ దండ్రియైనది శబ్దమునకు స్త్రీ. శబ్దలింగమునకును నర్థమునకును గల యీ విరోధమును దీర్చుటకే కథలో లింగవ్యత్యయము జరుగవలసి వచ్చినది. రూఢమైన యద్భుతమునకు వైయాకరణుఁడు మెచ్చు కారణము దొరకినది.

మదాశయశబ్దము నందలి చమత్కారము దీనికంటె సూక్ష్మము. అంగదేశరాజైన మదాశయుఁడు కలాపూర్ణునిచే జయింపఁబడును. ఆతని భార్య రూపానుభూతి. వారి బిడ్డ మధురలాలస. విప్పి చూచినచో నా యాశయము నీ రూపము ననుభవించుటచే మధురమైన లాలస పుట్టెనని యర్థము. అస్మచ్ఛబ్దము ఏకవచనార్థమున నుండఁగా నుత్తరపదము పరమైనప్పుడు మద్రూపము వచ్చునని పాణినీయసప్తమాధ్యాయమునందలి విధి. ఆ మత్‌ పదము పలుకువానినే తెల్పును. మణిస్తంభాదిశబ్దముల యర్థము ఎవరు పలికినను మాఱదు. మదాశయశబ్దము యొక్క యర్థము పలుకువానితోడనే మాఱును. బ్రహ్మ పలికినచో బ్రహ్మ హృదయము. మధురలాలస పలికినచోఁ దండ్రి పేరు. యోగార్థమున నామె హృదయము. కావ్యమును జదువువాఁడు పలికినచోఁ జదువరి హృదయము. కథలో ఓడింపఁబడు రాజు రూఢమైన పాత్ర; ఆ రాజు పేరిట వక్త తన్నుఁ దానే కథలో నుంచికొన్నాఁడు. ఇట్టి పేరు కవికిఁ దెలియకుండ వచ్చినదనుట యసంభావ్యము.

దీనిపై నొక యాక్షేపము రావచ్చును. ఇదియంతయు విమర్శకుని నేర్పే కాని కవి యెఱుక కాదని చెప్పవచ్చును. దానికి సూరన కృతులే సమాధానము. రాఘవపాండవీయమున ఒకే పద్యము రామకథకును భారతకథకును జెల్లునట్లు కావ్యమంతయు నడపినవాఁ డీతఁడే. ఒక పదము రెండు కథలలో నెట్లు వేర్వేఱుగా నిలుచునో యాతనికిఁ దెలిసినట్లు మఱియొకరికిఁ దెలియుట యరుదు. రాఘవపాండవీయమున శ్లేష వాక్యగతము. కలాపూర్ణోదయమున నది కథాగతము. అచట రెండు కథలు లోకప్రసిద్ధములు, వాక్యము క్రొత్తది. ఇచట నంగములు లోకప్రసిద్ధములు, కథ క్రొత్తది. ప్రభావతీప్రద్యుమ్నమున హరివంశకథను స్వీకరించినప్పుడు అపూర్వకథను జెప్పుచున్నానని యనుకొనుట కవి కవసరము లేకపోయినది. ఏది ప్రఖ్యాతము, ఏది యుత్పాద్యము, ఏది మిశ్రము అను వివేక మాతనికి లేదనుట సాహసము.

ఆధునికవిమర్శయు నీ ప్రశ్నచుట్టును దిరిగినది. కట్టమంచి రామలింగారెడ్డి 1914లోఁ బ్రకటించిన కవిత్వతత్త్వవిచారమునఁ గలాపూర్ణోదయమును గథానిర్మాణదృష్టితోఁ బరీక్షించుట, తెలుఁగు విమర్శకుఁ గొత్తత్రోవ యయ్యెను. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ అను విద్వాంసులు చేసిన యాంగ్లానువాదము 2002లో వెలువడఁగా, ఈ కావ్యమును నవలగాఁ బరిగణింపవచ్చునను చర్చ తెలుఁగునాఁటికి వెలుపలను సాఁగినది. నవల యను పేరు తగునా తగదా యను వివాద మటుండఁగా, ఒక్క విషయము నిశ్చయముగాఁ జెప్పవచ్చును. తన కథయొక్క మూలద్రవ్యము లేవియో తన కథలోనే చెప్పగలుగుట స్వతంత్రకథకుని లక్షణము. ఆ లక్షణము 16వ శతాబ్దపు తెలుఁగుకవియందుఁ గలదు.

గుణమును జెప్పినపుడు దోషమును దాఁచుట విమర్శధర్మము గాదు. కావ్యమున నన్ని యంగములకు నిట్టి యోగము లేదు. మధురలాలస చెప్పిన కథ ముగిసిన పిమ్మట, కలాపూర్ణుని వివాహములు, అభినవకౌముదీవృత్తాంతము, జైత్రయాత్ర — ఇవి ప్రబంధములలో నెందైనను గానవచ్చునట్టివి. అచటఁ బూర్వభాగమువలె నంగము తన కారణమును దాఁ జెప్పదు. రూఢి రూఢిగానే నిలిచినది. కుతూహలము తీఱినపిదప వచ్చిన వర్ణనలు గావున నవి దీర్ఘములుగాఁ దోఁచును. అయినను నీ దోషమే పూర్వభాగగుణమునకు సాక్షి. ఒకే కావ్యమున యోగము విప్పఁబడిన యంగములును, విప్పఁబడని యంగములును బ్రక్కప్రక్కను నున్నవి. చదువరికి మొదటివి యేల క్రొత్తగాఁ దోఁచినవో, రెండవవి యేల ప్రాఁతగాఁ దోఁచినవో యీ పోలికయే తెల్పును. అంగముల వయస్సు రెంటను సమానమే.

ఇఁక సమాసమును నిర్ణయింపవచ్చును. కావ్యమునందలి లింగములన్నియు రెండవ విగ్రహమునకే సాక్ష్య మిచ్చుచున్నవి. అపూర్వమైనది కథాంగము గాదు, కథాసంవిధానము. ఆనందవర్ధనుని విభాగము నిచట మరల స్మరింపవలెను. ప్రతిబింబమునకుఁ దనదైన యాత్మ లేదని యాతఁడు దానిని నిషేధించెను. కలాపూర్ణుఁడు పుట్టుకచేతఁ బ్రతిబింబమే. రత్నస్తంభమునఁ దోఁచిన ముఖచ్ఛాయ. ఆ చ్ఛాయకుఁ దల్లిదండ్రులు గలిగిరి, పట్టణము గలిగినది, పూర్వజన్మము గలిగినది, తన కథను దాను విని గుర్తింపఁగల యెఱుక గలిగినది. నిషిద్ధమైన ప్రతిబింబము అనుమతమైన దేహిగా నెట్లు మాఱునో సూరన శాస్త్రముగాఁ జెప్పక కథగాఁ జెప్పెను. పూర్వకవులనుండి గ్రహించిన యంగముల విషయమునఁ దాను చేసినదియు నదియే.

కావునఁ బాఠశాలలలో నీ కావ్యమును బోధించు పండితులు, ఏ యంగము ఏ పూర్వగ్రంథమునుండి వచ్చినదో చెప్పి విరమింపరాదు. అది సగము పాఠమే. ఆ యంగమునకు మూలమునఁ గారణ మేమి, ఇచటఁ గారణ మేమి యని విద్యార్థిచేతఁ జెప్పింపవలెను. బృహత్కథలో శాపమెవనికిఁ దగిలెను, ఇచట జన్మమెవరికిఁ గలిగెను? కాదంబరిలోఁ జిలుక యేల పలికెను, ఇచట శిశువేల పలికెను? ఈ రెండు ప్రశ్నలకుఁ దన మాటలలో సమాధానము చెప్పఁగల విద్యార్థికిఁ గలాపూర్ణోదయమున అపూర్వశబ్దము దేనికి విశేషణమో వేఱుగాఁ జెప్పనక్కఱలేదు.